భూమి తిరుగుడు, మన బతుకు: 17వ అక్షాంశం దగ్గర నిలబడి తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతుందని చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. ఆ పాఠాల్లో చెప్పే వివరణలు చాలావరకు చల్లని దేశాల ఆకాశానికి సరిపోయేవి. తిరుపతి 13.6, హైదరాబాద్ 17.4, ఆదిలాబాద్ 19.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా కర్కటరేఖకు దక్షిణానే ఉన్నాయి. ఇక్కడి ఎండ, వాన, పూత, నీడ వేరే లెక్కలో నడుస్తాయి. ఆ లెక్క తెలియక పంట దగ్గర, కోళ్ళ షెడ్డు దగ్గర, ఇంటి కప్పు మీద నష్టపోయేవాళ్ళున్నారు. అందుకే కింది జవాబులన్నీ వీలైనంతవరకు మన అక్షాంశం నుంచే ఇచ్చాం.

భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలా, 23 గంటల 56 నిమిషాలా?

రెండూ నిజమే. దేన్ని ఆనవాలుగా పెట్టుకున్నామన్నదే తేడా. ఒక నక్షత్రాన్ని గుర్తు పెట్టుకుని చూస్తే భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఈలోగా అది తన కక్ష్యలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి, సూర్యుడు మళ్ళీ నిన్నటి చోటికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. మన గడియారం సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది కనుక 24 గంటలు. దీన్ని డాబా మీద నుంచే చూడొచ్చు: ఏ నక్షత్రమైనా నిన్నటి కంటే ఇవాళ నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుంది, నెల తిరిగేసరికి రెండు గంటలు ముందుకు వచ్చేస్తుంది.

అంత వేగంగా తిరుగుతుంటే మనకు తెలియదేం?

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. హైదరాబాద్ దగ్గర అది సుమారు 1,590. సూర్యుడి చుట్టూ పరుగు సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు. మన శరీరం వేగాన్ని పసిగట్టలేదు, వేగంలో మార్పునే పసిగడుతుంది. నేల, గాలి, మనం అందరం ఒకే తీరున కదులుతున్నప్పుడు కుదుపు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ వేగం ఉత్త అంకె కాదు. భూమి నడుము దగ్గర ఉబ్బింది దీనివల్లే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరకంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. శ్రీహరికోట నుంచి తూర్పుగా వదిలిన రాకెట్టుకు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ముందే చేతిలో ఉంటుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు మాత్రం ఈ లాభం అందదు.

వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందా?

లేదు, వ్యవహారం తలకిందులు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో. లంబసింగిలోనూ ఆదిలాబాద్‌లోనూ జనం చలిమంటలు వేసుకునే రోజులవి. దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, 15.21 కోట్ల కిలోమీటర్ల దగ్గర. ఈ తేడా వల్ల భూమికి అందే కాంతి జనవరిలో దాదాపు 7 శాతం ఎక్కువ. అయినా చలే, ఎందుకంటే రుతువులను నడిపేది దూరం కాదు, వాలు. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. మనవైపు సూర్యుడికి అభిముఖంగా వాలినప్పుడు కిరణాలు నిటారుగా పడతాయి, పగలు పొడుగవుతుంది.

దూరానికి ఒక చిన్న ప్రభావం మాత్రం ఉంది. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా పోతుంది, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో వేసవి 93 రోజులు దాటితే, శీతాకాలం 89 రోజులకే ముగుస్తుంది.

జూన్ 21న కదా సూర్యుడు బాగా ఉత్తరాన ఉండేది. మరి మనకు మే నెలలోనే ఎందుకు మండిపోతుంది?

యూరప్ పుస్తకానికీ మన ఆకాశానికీ తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్ళకు సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు, జూన్ 21న ఏడాదిలో అన్నిటికంటే ఎత్తుకు వస్తాడు, అంతే. మనకు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మొదటిసారి మే 9 ప్రాంతంలో, రెండోసారి ఆగస్టు 3 ప్రాంతంలో. ఈ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. జూన్ 21న కూడా నడినెత్తికి ఆరు డిగ్రీల దూరమే. కాబట్టి మే నుంచి ఆగస్టు దాకా పైనుంచి వచ్చే కాంతిలో పెద్ద తేడా లేదు.

తేడా అంతా కింద ఉంది. మే చివరికి నేలలో తడి ఉండదు. తడి ఉన్న నేల మీద పడిన ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. పొడి నేల మీద పడినదంతా నేలనూ గాలినీ కాల్చడానికే. పైగా రోజురోజుకూ వేడి పేరుకుంటూ వస్తుంది, అందుకే సూర్యుడు నడినెత్తి దాటిన రెండు వారాల తర్వాత, మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట పుట్టింది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, అప్పటికి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి, సూర్యుడు అదే ఎత్తులో ఉన్నా వేడి విరుగుతుంది. రుతుపవనాలు పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ రోహిణే కొనసాగినట్టుంటుంది. వడదెబ్బ మరణాలు ఎక్కువగా వినపడేది ఆ వ్యవధిలోనే. క్యాలెండరు మృగశిర అంటోందని పనివేళలు మార్చకండి, మబ్బు వచ్చాకే మార్చండి.

నీడ మాయమయ్యే రోజు మా ఊళ్ళో ఎప్పుడు? ఎలా చూడాలి?

ఒక రోజు అటూ ఇటూగా: తిరుపతిలో ఏప్రిల్ 26, ఆగస్టు 16. విజయవాడలో మే 6, ఆగస్టు 7. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3. విశాఖపట్నంలో మే 10, ఆగస్టు 2. ఆదిలాబాద్‌లో మే 18, జులై 25. ఆగస్టు తేదీలకు మబ్బు అడ్డొచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మొదటి తేదీనే నమ్ముకోండి.

గడియారంలో పన్నెండు కొట్టగానే చూస్తే నిరాశే మిగులుతుంది. మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడకు కొద్దిగా తూర్పున పోతుంది. దానికి పడమరగా ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు కలపాలి. హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది కనుక 16 నిమిషాలు కలపాలి. మే నెల రెండో వారంలో సూర్యుడు గడియారం కంటే సుమారు నాలుగు నిమిషాలు ముందుంటాడు, అవి తీసేయాలి. అందుకే హైదరాబాద్‌లో నీడ పోయేది 12:12కి. ఆగస్టు 3న సూర్యుడు ఆరు నిమిషాలు వెనకుంటాడు కాబట్టి 12:22 దాటాక. ఇచ్ఛాపురంలో మధ్యాహ్నమైన దాదాపు 28 నిమిషాలకు గానీ అనంతపురంలో మధ్యాహ్నం కాదు.

చదునైన చోట మీటరు పొడవున్న తిన్నని గొట్టాన్ని నిలబెట్టండి. తాపీమేస్త్రీ వాడే తూకపు గుండు వేలాడదీసి రెండు వైపుల నుంచీ నిటారుగా ఉందో లేదో సరిచూడండి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గొట్టం ఒక్క డిగ్రీ వాలినా 1.7 సెంటీమీటర్ల నీడ మిగిలిపోతుంది. సమయం నాలుగు నిమిషాలు తప్పినా అంతే నీడ. పది నిమిషాల ముందు నుంచీ రెండేసి నిమిషాలకు ఒకసారి నీడ కొనను చాక్‌పీసుతో గుర్తించుకుంటూ పోతే, నీడ పడమర నుంచి గొట్టం మొదట్లోకి వచ్చి తూర్పుకు దాటడం స్పష్టంగా కనిపిస్తుంది. తలెత్తి సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అన్నిటికంటే చిన్న పగలు డిసెంబరు 21 కదా, జనవరిలో ఇంకా ఆలస్యంగా ఎందుకు తెల్లవారుతోంది?

పగలు చిన్నదవడం ఒక సంగతి, ఆ పగలు గడియారంలో ఎక్కడ కూర్చుందన్నది ఇంకో సంగతి. భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం, అక్షం వాలి ఉండడం అనే రెండు కారణాల వల్ల సూర్యుడి మధ్యాహ్నం ఏడాది పొడుగునా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నవంబరు మొదటి వారంలో గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనకుంటాడు. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు మొత్తంగా గడియారంలో వెనక్కి, అంటే ఇంకా ఆలస్యపు వేళలకు, జరుగుతూ ఉంటుంది.

చల్లని దేశాల్లో పగటి నిడివి మార్పు పెద్దది కాబట్టి ఈ జరుగుడు అందులో కలిసిపోతుంది. లండన్‌లో జూన్ పగలు 16 గంటల 38 నిమిషాలు, డిసెంబరు పగలు 7 గంటల 50 నిమిషాలు. హైదరాబాద్‌లో 13 గంటల 10 నిమిషాలు, 11 గంటల 5 నిమిషాలు. మొత్తం తేడా రెండు గంటలే. అందుకే ఇక్కడ జరుగుడు పైచేయి అవుతుంది: ఏడాదిలో అన్నిటికంటే ముందు పొద్దుగూకేది నవంబరు చివరి పక్షంలో, అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారం ప్రాంతంలో. బడి బస్సు సమయాలు ఖాయం చేసేవాళ్ళు చూసుకోవలసింది ఈ జనవరి తేదీలనే.

ఉత్తరాయణం డిసెంబరులో మొదలైతే సంక్రాంతి జనవరి 14న ఎందుకు?

సూర్యుడు దక్షిణం కొస నుంచి ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21 లేదా 22న. మకర సంక్రాంతి లెక్క నక్షత్రాలతో ముడిపడింది. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ సుమారు 25,800 ఏళ్ళకు ఒక వలయం పూర్తి చేస్తుంది. దాంతో నక్షత్రాల ఏడాది రుతువుల ఏడాదికంటే 20 నిమిషాలు పొడుగు. ఆ 20 నిమిషాలు పేరుకుని సగటున 70 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. రెండూ ఒకే రోజున పడింది సుమారు 1,700 ఏళ్ళ కిందట.

పండుగ కంటే పంటకు ఇది ముఖ్యం. మన కార్తెలు 27, ఒక్కోటి 13, 14 రోజులు, అవీ నక్షత్రాల లెక్కే. వెయ్యేళ్ళలో కూడేది 14 రోజులు, అంటే దాదాపు ఒక కార్తె. రాజమహేంద్రిలో రాజరాజ నరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దంలో రోహిణి కార్తె నేటి క్యాలెండరు లెక్కన మే 11, 12 తేదీల్లో మొదలయ్యేది. ఒక జీవితకాలంలో ఈ జరుగుడు తెలియదు, కాబట్టి తాతల నాటి కార్తె సామెతలు ఇప్పటికీ పనికొస్తాయి. వెయ్యేళ్ళ నాటి కార్తె లెక్కలను ఉన్నదున్నట్టు విత్తడానికి వాడితే మాత్రం రెండు వారాలు తప్పుతాం.

పంటకు పగటి నిడివితో ఏం పని? నీళ్ళు, ఎరువు ఉంటే చాలదా?

చాలదు. మొక్క ఎప్పుడు పూయాలో చాలా జాతుల్లో నిర్ణయించేది రాత్రి పొడవే. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద దీన్ని నిరూపించారు. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎరుపు కాంతిని పట్టుకుంటుంది, చీకటిలో నెమ్మదిగా మారిపోతుంది. దాని సాయంతో మొక్క చీకటి ఎంతసేపు ఆగకుండా సాగిందో కొలుచుకుంటుంది. మధ్యలో కాసేపు వెలుగు పడితే ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రుల కింద లెక్క.

మన దగ్గర పగలు మారేది రెండు గంటలే అయినా ఇది బాగా పనిచేస్తుంది. కందిని చూడండి. అది పొట్టి పగళ్ళలో పూసే మొక్క. ఖరీఫ్‌లో జూన్, జులై నెలల్లో విత్తితే పగళ్ళు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ ఎదిగి, కొమ్మలు వేసి, ఆ తర్వాత పూస్తుంది. అదే రకాన్ని సెప్టెంబరు చివర విత్తితే ఎదగకముందే పూతకు వచ్చేస్తుంది, మొక్క పొట్టిగా ఉండిపోతుంది. రబీ కందిని సాళ్ళు దగ్గరగా, విత్తనం ఎక్కువగా వేయమనేది ఇందుకే. ఖరీఫ్ ఎడంతోనే రబీలో విత్తిన రైతు సగం నేలను ఖాళీగా వదిలేసినట్టే. పాత వరి రకాలు కూడా ఎప్పుడు నాటినా రాత్రులు పెరిగాకే పొట్టకు వచ్చేవి. ఆ పట్టు వదిలిన రకాలు వచ్చాకే కాలువ కింద ఏడాదికి రెండు పంటలు సులువయ్యాయి.

చామంతి తోటల్లో, డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో రాత్రిపూట లైట్లెందుకు?

లైట్లు ఒకటే, ఆశించేది సరిగ్గా వ్యతిరేకం. చామంతి పెద్ద రాత్రుల్లో పూస్తుంది. మొక్క తగినంత ఎదగకముందే మొగ్గ తొడిగితే కాడ పొట్టిగా, పువ్వు చిన్నగా వస్తుంది. అందుకని రాత్రి పది నుంచి రెండు దాకా వెలుగు పెట్టి పూతను ఆపుతారు. కావలసినంత ఎదిగాక లైట్లు తీసేస్తే మొగ్గ వేస్తుంది. ఇలా పండుగల తేదీలకు పూలు అందేలా లెక్క వేసుకుంటారు.

డ్రాగన్ ఫ్రూట్‌కు పూత రావాలంటే చిన్న రాత్రులు కావాలి. మామూలుగా మే, జూన్ నుంచి అక్టోబరు దాకా పూస్తుంది. నవంబరు తర్వాత కూడా కాయ కావాలంటే అర్ధరాత్రి నాలుగైదు గంటలు లైట్లు వేస్తారు. వియత్నాం రైతులు ఈ పని దశాబ్దాలుగా చేస్తున్నారు.

ఎక్కడ తేడా కొడుతుంది? మొదటిది, కాంతి రంగు. నీలి తెలుపు ఎల్‌ఈడీల్లో మొక్కకు కావలసిన ఎరుపు పాలు తక్కువ, పసుపు లేదా ఎరుపు ఛాయ ఉన్నవి తీసుకోవాలి. రెండోది, మాడిన బల్బు. చామంతిలో ఒక బల్బు పోతే దాని కింద ఉన్న మొక్కలు మాత్రమే ముందే మొగ్గ వేస్తాయి, తోట మధ్యలో గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఒకసారి వరసలు తిరిగి చూడాలి. మూడోది, కరెంటు కోత. వరసగా కొన్ని రాత్రులు లైట్లు వెలగకపోతే పెట్టిన ఖర్చు వృథా. నాలుగోది, చలి. రాత్రులు బాగా చల్లబడితే డ్రాగన్ ఫ్రూట్ లైట్లున్నా పూయదు. వీధిలైటు పక్కనున్న సోయా సాళ్ళు కాయ పట్టకుండా పచ్చగానే నిలిచిపోవడం కూడా ఈ కథే. పొలం గట్టున దీపస్తంభం వేయిస్తుంటే వెలుగు చేను మీద పడకుండా కప్పు పెట్టించుకోండి.

కోళ్ళ షెడ్లలో తెల్లవారుజామునే లైట్లు వేస్తారు, ఎందుకు?

కోడి కూడా పగటి నిడివి చూసే గుడ్డు పెడుతుంది. పగలు పెరుగుతుంటే వసంతం వస్తోందని దాని మెదడు అనుకుంటుంది, తగ్గుతుంటే గుడ్లు ఆపి ఈకలు రాల్చుకుంటుంది. గుడ్ల కోళ్ళకు రోజుకు 16 గంటల వెలుగు అవసరం. డిసెంబరులో సహజంగా దొరికేది 11 గంటలే కాబట్టి మిగిలిన ఐదు గంటలు దీపాలతో పూరించాలి.

గట్టిగా పట్టుకోవలసిన నియమాలు రెండు. పెరుగుతున్న పెట్టలకు వెలుగు పెంచకూడదు, గుడ్లు పెడుతున్న కోళ్ళకు తగ్గించకూడదు. పెట్టలకు వెలుగు తొందరగా పెరిగితే శరీరం సిద్ధం కాకముందే గుడ్డుకు వస్తాయి. గుడ్లు చిన్నవవుతాయి, గుడ్డు దారి బయటికి జారడం వంటి జబ్బులు పెరుగుతాయి. అందుకే గుడ్డు దశ మొదలయ్యాక వారానికి 15 నుంచి 30 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతారు. జనవరి తర్వాత ఎదిగే గుంపు విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే మనం పెంచకపోయినా పగలు తనంతట తాను పెరుగుతూ ఉంటుంది.

మన ఒంట్లో గడియారం ఉందంటారు. అది సూర్యుణ్ణి చూసి నడుస్తుందా, సొంతంగానా?

సొంతంగా నడుస్తుంది, సూర్యుణ్ణి చూసి సరిదిద్దుకుంటుంది. 1729లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త డి మైరాన్ అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి, వెలుగు లేకపోయినా ఆకులు పొద్దున విచ్చుకుని రాత్రి ముడుచుకోవడం గమనించాడు. ఈ గడియారం కణంలో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి చెప్పినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక జన్యువు రాత్రంతా ఒక ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది, అది పేరుకున్నాక ఆ జన్యువునే ఆపేస్తుంది, పగలు అది కరిగిపోయాక పని మళ్ళీ మొదలు. ఒక చుట్టుకు దాదాపు ఒక రోజు.

మనుషుల్లో ఈ చుట్టు సగటున 24 గంటల 10 నిమిషాల చుట్టుపక్కల ఉంటుంది. రోజూ పొద్దుటి వెలుగు కంట్లో పడి ఆ పది నిమిషాలనూ సరిచేస్తుంది. గదిలో పరదాలు వేసుకుని, రాత్రి ఫోను వెలుగులో ఉండేవారికి ఆ దిద్దుబాటు జరగదు. వాళ్ళ నిద్ర రోజుకు కాస్త చొప్పున వెనక్కి జారుతుంది. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట ఉండడం దీనికి మంచి మందు. మబ్బు పట్టినా సరే, బయటి వెలుగు ఇంటి దీపాల కంటే చాలా రెట్లు ఎక్కువ.

అమెరికా వెళ్ళినప్పుడు నిద్ర కుదుటపడాలంటే ఏం చేయాలి?

డాలస్ ఉదాహరణ తీసుకుందాం, వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో ఆరింటికి లేచే మనిషి శరీరం బాగా చల్లబడేది తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో. ఆ క్షణానికి ముందు కంట్లో పడిన వెలుగు గడియారాన్ని వెనక్కి నెడుతుంది, అంటే నిద్రవేళ ఆలస్యమవుతుంది, తర్వాత పడినది ముందుకు లాగుతుంది. మన నాలుగు గంటలంటే డాలస్‌లో ముందు రోజు సాయంత్రం ఐదున్నర.

కాబట్టి దిగిన రోజు మధ్యాహ్నం నుంచి ఐదున్నర దాకా ఆరుబయట తిరగండి. ఆ తర్వాత పొద్దు ఇంకా ఉన్నా నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి లేదా లోపలే ఉండండి. మర్నాటి నుంచి ఈ హద్దును రోజుకు గంట, గంటన్నర చొప్పున ఆలస్యం చేస్తూ పోండి. వారం పది రోజుల్లో కుదుటపడుతుంది. చాలామంది చేసే పొరపాటు, దిగిన రోజు సాయంత్రం ఏడింటికి పార్కులో నడక. ఆ వెలుగు గడియారాన్ని తప్పు దిక్కుకు లాగుతుంది, నిద్ర ఇంకా చెదురుతుంది. పగలు కునుకు తీయాలనిపిస్తే 30 నిమిషాలు దాటనివ్వకండి. తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్తున్నప్పుడు షుగరు, బీపీ మాత్రల వేళలు ఎలా మార్చాలో బయల్దేరకముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవడం తప్పనిసరి. తూర్పుకు తిరిగి వచ్చేటప్పుడు గడియారాన్ని ముందుకు లాగాలి, 24 గంటలకంటే పొడుగున్న గడియారానికి అది కష్టం, అందుకే ఇంటికి చేరాక ఇంకొన్ని రోజులు ఎక్కువ పడుతుంది.

నైట్ షిఫ్టు చేసేవాళ్ళ సంగతేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్టును 2007లోనే బహుశా క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది, 2019లో అదే మాట మళ్ళీ చెప్పింది. తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. వారానికో షిఫ్టు మార్చడం కంటే ఒకే షిఫ్టు కొన్ని వారాలు ఉంచడం శరీరానికి మేలు. మార్చవలసి వస్తే పొద్దుటి నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి మార్చాలి, వెనక్కి కాదు. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, పడకగదికి వెలుగు చొరని పరదా వేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ వచ్చేవాళ్ళు నిద్రమత్తు ఉంటే కళ్ళద్దాల సంగతి మరచిపోయి ఆఫీసు బండిలో రండి.

గాలివానలకూ భూమి తిరగడానికీ సంబంధం ఏమిటి?

తిరిగే భూమి మీద దూరం ప్రయాణించే గాలి ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు ఒరుగుతుంది. దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వాయువ్యానికి వీచే గాలి వేసవిలో భూమధ్యరేఖ దాటగానే కుడికి మళ్ళి నైరుతి గాలి అవుతుంది. మన నైరుతి రుతుపవనం అదే. శీతాకాలంలో నేల చల్లబడ్డాక గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, బంగాళాఖాతం మీద తేమ ఎక్కించుకుని నెల్లూరు తీరానికి ఏడాది వానలో పెద్ద వాటా తెస్తుంది.

తుపాను అపసవ్య దిశలో సుడి తిరగడానికీ ఇదే కారణం. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపల ఈ ఒరుగుడు దాదాపు ఉండదు కనుక అక్కడ తుపాన్లు పుట్టడం చాలా అరుదు. తీరంలో ఉండేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: సముద్రం నుంచి మనవైపు వచ్చే తుపానులో కేంద్రానికి కుడివైపు, అంటే మన తీరంలో ఉత్తర, ఈశాన్యం వైపు, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఎడమవైపు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. సుమారు ఐదు మీటర్ల ఉప్పెన ముంచింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. వేలమంది పోయారు. కేంద్రం పక్క జిల్లాలో దాటుతుందని వింటే నిశ్చింత పడకండి. మీ ఊరు ఆ చోటుకు కుడివైపు ఉందా, ఎడమవైపా అని చూడండి. కుడివైపైతే ముందే కదలండి.

వాష్‌బేసిన్‌లో నీళ్ళు సుడి తిరిగేది కూడా భూమి వల్లేనా?

కాదు. అంత చిన్న తావులో ఆ ఒరుగుడు లెక్కలోకి రానంత తక్కువ. బేసిన్ ఆకారం, కుళాయి నీళ్ళు పడిన వాలు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి.

ఇంటి మీద సోలార్ పలకలు పెట్టేటప్పుడు ఈ లెక్కలు కావాలా?

కావాలి. పలకలు దక్షిణానికి చూడాలి, వాలు మీ అక్షాంశం అంత, అంటే 14 నుంచి 19 డిగ్రీలు. వేడినీళ్ళ యంత్రానికి శీతాకాలపు ఎండ ముఖ్యం కనుక ఇంకో పది డిగ్రీలు కలపొచ్చు. నీడ లెక్క వేసవిలో వేస్తే మోసపోతాం. డిసెంబరు 21న హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలే, సూర్యుడి లెక్కన ఉదయం తొమ్మిదింటికి 30. ఆ సమయంలో మీటరు ఎత్తున్న ట్యాంకు నీడ 1.73 మీటర్లు సాగుతుంది. కాబట్టి ట్యాంకుకూ, మెట్లగదికీ వాటి ఎత్తుకు కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరంలో, వాటికి ఉత్తరాన కాకుండా పలకలు అమర్చాలి. వరసగా తగిలించిన పలకల్లో ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరస దిగుబడి తగ్గిపోతుంది.

రోజు నిడివి ఎప్పుడూ ఇంతేనా?

చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల రాపిడి భూమిని నెమ్మదిగా ఆపుతోంది. రోజు శతాబ్దానికి సుమారు 1.7 మిల్లీసెకన్లు పెరుగుతోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడు. 1963లో జాన్ వెల్స్ దాదాపు 37 కోట్ల ఏళ్ళ నాటి పగడాల మీద ఏడాది గీతల మధ్య రోజువారీ సన్నగీతలు లెక్కపెడితే సుమారు 400 తేలాయి. అంటే అప్పటి ఏడాదిలో 400 రోజులు, ఒక్కో రోజు సుమారు 22 గంటలు.

ఇది పెద్ద లెక్క, చిన్న లెక్కలో భూమి ఒక్కోసారి వేగం పుంజుకుంటుంది కూడా. 2024 జులై 5న రోజు 1.66 మిల్లీసెకన్లు తక్కువైంది. 1972 నుంచి ఇప్పటిదాకా గడియారాలకు 27 అదనపు సెకన్లు కలిపారు, చివరిది 2016 డిసెంబరు 31న. కంప్యూటర్లకు ఇది తలనొప్పిగా మారడంతో 2035 నాటికి ఈ పద్ధతి మానుకోవాలని 2022లో నిర్ణయించారు.

భూమి వాలు మారితే మన వానలు మారతాయా?

ఇదివరకే మారాయి. వాలు 41,000 ఏళ్ళకు ఒకసారి 22.1కీ 24.5కీ మధ్య ఊగుతుంది. సూర్యుడికి దగ్గరయ్యే తేదీ కూడా నెలలు మారుతూ పోతుంది. సుమారు 11,000 ఏళ్ళ కిందట భూమి దగ్గరయ్యేది ఉత్తరార్ధగోళపు వేసవిలో. అప్పుడు నేల ఎక్కువ వేడెక్కి రుతుపవనాలు ఇప్పటికంటే బలంగా వీచాయి. సహారాలో చెరువులు నిండాయి, అల్జీరియాలోని తాసిలి కొండరాళ్ళ మీద జనం పశువుల మందలను గీశారు. సుమారు 5,000 ఏళ్ళ కిందటికి ఆ వానలు వెనక్కి తగ్గాయి. ఈ మార్పులు వేల ఏళ్ళ మీద జరుగుతాయి. గత వందేళ్ళలో భూమి వేడెక్కిన తీరుకు ఇవి కారణం కావు.

2100 ఫిబ్రవరిలో 29వ తేదీ ఉంటుందా?

ఉండదు. రుతువుల ఏడాది 365.2422 రోజులు. నాలుగేళ్ళకో రోజు కలిపితే కాస్త ఎక్కువవుతుంది కాబట్టి, 400తో భాగించబడని వందల సంవత్సరాల్లో ఆ రోజు కలపరు. 1900లో కలపలేదు, 2000లో కలిపారు, 2100లో కలపరు. ఇప్పుడు 14, 15 తేదీల మధ్య ఊగుతున్న సంక్రాంతి ఆ తర్వాత ఒక్కసారిగా 15, 16 తేదీలకు జరుగుతుంది.